బొమ్మ కుదిరిన ఆదివారం

ఇళ్ల మీద యాంటెనాలు బాగుచేయడం నా ఉద్యోగంలో భాగం కాదు. ప్రొద్దుటూరు చివర ఉన్న ప్రభుత్వ టీవీ రిలే కేంద్రంలో నేను టెక్నీషియన్‌ని. పైనుంచి వచ్చే కార్యక్రమాన్ని పెద్ద డిష్‌తో పట్టి, ట్రాన్స్‌మిటర్‌లోకి ఎక్కించి, ఇనుప టవరు మీంచి చుట్టుపక్కల ఊళ్లకు వదలడం వరకే మా పని. వదిలినదాన్ని ఎవరింట్లో వాళ్లు పట్టుకోవాలి. అయితే ఈ తేడా జనానికి ఎందుకు? ఇంట్లో బొమ్మ రాకపోతే టవరు కనిపించే దిక్కుకు నడిచొచ్చి మా గేటు తట్టేవాళ్లు. అలా నా సర్వీసులో సగం ఎవరెవరి మిద్దెల మీదో ఎండకు గడిచింది.

ఈ కాలం పిల్లలు నవ్వకండి. మిద్దె మీద ఒకరు గొట్టం తిప్పుతూ ఉంటే, ఇంట్లో ఒకరు టీవీ ముందు నిలబడి "వచ్చె, వచ్చె... పోయె" అని అరుస్తూ ఉండేవాళ్లు. బొమ్మ కుదరడమంటే ఇద్దరు మనుషుల పని. అది మాకు చదువులో చెప్పలేదు గాని, ఏ ఇంట్లో మొగుడూ పెళ్లాలకు పొసగదో మిద్దె మీద నిలబడి చెప్పగలిగేవాణ్ని.

ఇది రాష్ట్రం విడిపోయిన తరువాతి మాట. అప్పటికే ఊళ్లలో కేబులు, ఇంటింటికీ చిన్న డిష్షులు వచ్చేశాయి. మా గేటు తట్టేవాళ్లు తగ్గిపోయారు. మాకు మాత్రం ఒక ఆశ ఉండేది. త్వరలో మన టవరుకు డిజిటల్ యంత్రం వస్తుందనీ, అదే యాంటెనాతో, ఒక్క చుక్క మచ్చ లేకుండా బోలెడు చానళ్లు ఉచితంగా వస్తాయనీ పైవాళ్లు చెప్పారు. మా కేంద్రం పెద్దాయన ఒక గది ఖాళీ చేయించి సున్నం కూడా కొట్టించాడు. ఆ యంత్రం రాలేదు. గదిలో విరిగిన కుర్చీలు వేసుకున్నాం. అయినా ఎవరడిగినా "యాంటెనా పారేయొద్దండీ, డిజిటల్ వస్తాంది" అని చెబుతూనే ఉండేవాణ్ని. ఆశ అనేది ప్రభుత్వ సామాను లాంటిది, పనికిరాదని ఎవరూ రాసివ్వరు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం గేటు దగ్గరికి ఒక పెద్దామె, ఆమె వెంట నడివయసు మనిషొకాయన వచ్చారు. జమ్మలమడుగు దాటి గండికోటకు పోయే దారిలో, కొండ వెనక ఒక చిన్న పల్లె వాళ్లది. ఆమె గొర్రెలు మేపే కుటుంబంలోని మనిషి. ఆయన ఆమె ఇంటి పక్కనుండే ముస్లిం, కువైట్‌లో చాన్నాళ్లు డ్రైవరుగా చేసి తిరిగొచ్చినవాడు.

"సారూ, మా ఆయప్ప టీవీలో పాడతాడంట. మా ఇంట్లో బొమ్మ రాదు. నువ్వొకతూరి వచ్చి చూసిపోవాల" అంది ఆమె.

పక్కాయన వివరంగా చెప్పాడు. ఆమె భర్త డోలు మెడకు వేసుకుని కాపరుల దేవుడి కథ పాడేవాడు. చుట్టుపక్కల గొర్రెల కాపరుల జాతర ఆయన లేకుండా జరిగేది కాదు. రాష్ట్రం విడిపోకముందు ఒకసారి హైదరాబాదు టీవీ కేంద్రానికి పిలిపించి పాడించుకున్నారు. ఆ తరువాత దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఉన్నట్టుండి హైదరాబాదు నుంచి తన సెల్లుకు ఫోన్ వచ్చిందట, వచ్చే ఆదివారం పొద్దున తెలుగు చానల్లో వేస్తున్నామని.

"ఆయన్ను తీసుకురాలేదా?" అని అడిగాను.

"యాడికొస్తాడు సారూ? గొంతులో గడ్డ లేసింది. తిరుపతిలో కోసినారు. ఇంగ మాట రాదు" అంది ఆమె. కొంచెం ఆగి, "మావి నొక్కే ఫోన్లు. ఆయప్ప గొంతు యాడా పట్టి పెట్టుకోల్యా. అదొకటే ఉండాది. డాక్టర్లు ఇంగ ఎన్నాళ్లో చెప్పలేమనిరి. ఆయప్ప ఉండంగానే ఆ గొంతు ఇంగొక్కతూరి ఇనాల. ఆయప్పా ఇనాల, నేనూ ఇనాల" అంది.

ఆ మాట విన్నాక ఎవరైనా ఇది నా పని కాదంటారా?

మరునాడే పోయాను. రాతి బండలు పరిచిన పాతకాలం మిద్దె. వసారాలో ఒక మూల టీవీ, ఎదురుగా మంచం, మంచం మీద ఆయన. బాగా చిక్కిపోయినా కండ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. మెడ కింద చిన్న గొట్టం, దాని మీద తడి గుడ్డ. మంచం పక్కన పీట మీద పసుపు, కుంకుమ పెట్టిన డోలు.

"మా ఇంట్లో డిష్షుండాది సారూ. ఆడికొచ్చి సూడండని మొత్తుకుంటాండా. వదిన ఇనదు" అన్నాడు కువైట్ నుంచి వచ్చినాయన.

"డోలు యాడుంటే కథ ఆడనే ఇనాలప్పా. జాతరకు తప్ప డోలు గడప దాటదు. ఆయప్ప కూడా దాటనంటాండాడు" అంది ఆమె. మంచం మీదాయన అవునన్నట్టు తలూపాడు.

"సరే, నా డిష్షు పీక్కొచ్చి మీ మిద్దె మీదనే బిగిస్తా. సారుండాడు కదా, తిప్పి పెడతాడు."

"ప్రభుత్వ టీవీకి డిష్ ఎందుకయ్యా, యాంటెనా చాలు. నేను తెప్పిస్తా కదా బొమ్మ" అన్నాను. అనుభవం ఉన్నవాడి గొంతుతోనే అన్నాను.

మిద్దె ఎక్కితే సంగతి తెలిసింది. ఊళ్లో ఎత్తయిన గొట్టం వాళ్లదే. దానికి ఇరుగుపొరుగు ఇళ్లవాళ్లంతా తలా ఒక వైరు తగిలించుకుని ఉన్నారు. బావిలో నీళ్లు తోడుకున్నట్టే కదా అనుకున్నారు వాళ్లు. ఆ ఇంటివాళ్లు కూడా ఎవర్నీ కాదనలేదు. కొండ దాటి వచ్చేదే కాస్త సిగ్నలు, అది ఇన్ని ఇళ్లకు పంచితే ఎవరికీ చుక్కల వాన తప్ప మరేమీ మిగలదు. నేను కిందికి దిగి విషయం చెప్పాను. ఎవరితోనూ మాట పడాల్సి రాలేదు. ఒక్కొక్కరే మిద్దె ఎక్కి తమ వైరు తామే విప్పుకుని చుట్టగా చుట్టుకుని పనులకు పోయారు. "మా పాటగాని కోసరమే కదప్పా" అన్నాడొక ముసలాయన.

పాత వైరు తీసేసి కొత్తది వేశాను. ప్రొద్దుటూరులో ఒక పాత రేడియో అంగడిలో దొరికిన, సిగ్నలు పెంచే బూస్టరు బిగించాను. గొట్టాన్ని కొండకు దూరంగా మిద్దె అవతలి అంచుకు మార్చాను. ఇక తిప్పాలి. అప్పుడొచ్చింది చిక్కు. ఆమెకు చూపు ఆనదు, బొమ్మ బాగుందో లేదో తేల్చలేదు. పక్కాయన నాతో పాటు మిద్దె మీద గొట్టం పట్టుకుని ఉన్నాడు. చూసి చెప్పగలిగింది మంచం మీద ఉన్నాయన ఒక్కడే, ఆయనకు గొంతు లేదు.

నేను ఏమీ చెప్పకముందే కింద డోలు మోగింది. ఒక దెబ్బ. కొంచెం తిప్పాను. మళ్లీ ఒక దెబ్బ. ఇంకొంచెం తిప్పాను. గబగబా రెండు దెబ్బలు పడ్డాయి. దాటిపోయావు, వెనక్కు రా అని దానర్థమని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అలా ఎండ తిరిగేదాకా ఆయన డోలు మీద చెబుతూ ఉంటే నేను తిప్పుతూ పోయాను. చివరికి ఒక చోట డోలు ఆగకుండా మోగింది. జాతరలో మోగినట్టు మోగింది. వీధిలో పోయేవాళ్లు నిలబడిపోయారు. దిగి చూస్తే తెర మీద బొమ్మ అద్దంలా ఉంది. నా సర్వీసులో అంత మంచి బొమ్మ అంత చెడ్డ చోట తెప్పించింది లేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాకు గర్వంగా ఉండింది. ఇప్పుడు ఆ మాట రాయడానికి ఒళ్లు మండుతుంది.

ఆదివారం పొద్దున్నే పోయాను. వాకిలి అలికి ముగ్గు పెట్టారు. డోలును టీవీ ముందు పెట్టి పూలు వేశారు. ఆయనకు తలపాగా చుట్టి, మంచం తలాపున దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. ఊరంతా అక్కడే ఉంది. తమ ఇళ్లలో టీవీలు కట్టేసి, కొందరు తాళాలు వేసి వచ్చారు. పాటగాడు బతికి ఉండగా ఆయన కథను ఆయన ముందు కాకుండా వేరే చోట వినడం తప్పని వాళ్ల మర్యాద. కువైట్ నుంచి వచ్చినాయన కూడా ఇంటికి తాళం వేసి భార్యతో, తల్లితో వచ్చి కూర్చున్నాడు. ఒక పక్క పెద్ద గిన్నెలో సంగటి, పొట్టేలు కూర సిద్ధంగా ఉన్నాయి.

టైమయ్యింది. బొమ్మ మచ్చ లేకుండా ఉంది. సంగీతం వచ్చింది, అక్షరాలు వచ్చాయి, అందరూ సర్దుకుని కూర్చున్నారు. తెర మీద ఒక నీళ్ల మడుగు కనిపించింది. కళ్లద్దాలాయన ఒకరు రొయ్యల చెరువులో మేత ఎప్పుడు వేయాలో, నీళ్లు ఎప్పుడు మార్చాలో చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇదయినంక వస్తాదేమో" అన్నాడెవరో. తాగే నీళ్లకే వాన కోసం ఎదురుచూసే పల్లెలో, గొర్రెలు తప్ప వేరే జీవాన్ని సాకి ఎరగని మనుషులు, మర్యాదగా రొయ్యల గురించి వింటూ కూర్చున్నారు. నేను లేచాను. ఇవతలికి వచ్చి మా కేంద్రానికి ఫోన్ చేశాను. ఆ రోజు డ్యూటీలో పులివెందుల నుంచి వచ్చే మా సీనియరు ఉన్నాడు, ఇంకొన్ని నెలల్లో రిటైరు కాబోయేవాడు.

"పాట ప్రోగ్రాం రావాల కదా, రొయ్యలొస్తాండాయేంది?" అన్నాను.

"విజయవాడ వాళ్లు రొయ్యలు వేసినారు, మనం వదుల్తాండాం. పాట వేస్తామని వాళ్లకు ఫోన్ యాడ్నుంచి వచ్చిందన్నావు?"

"హైదరాబాదు నుంచి."

"ఏంప్పా, ఇన్నేండ్లు చేస్తివి. అది వాళ్ల చానల్లో వస్తాది. రాష్ట్రం రెండయినంక మన టవరుకు వచ్చేది విజయవాడది కదా. హైదరాబాదుది మనం ఇప్పుడు యాడ వదుల్తాండాం?"

ఆ మార్పు చేసిన రోజు నేను డ్యూటీలోనే ఉన్నాను. పైనుంచి వచ్చేదాన్ని పట్టే రిసీవరును విజయవాడకు తిప్పింది నా చేతులే. కానీ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి హైదరాబాదు వేస్తే మనకు వచ్చినట్టే అన్న లెక్క తలలో గట్టిగా కూర్చుని ఉంది. రాష్ట్రం విడిపోయింది గాని నా బుర్రలో విడిపోలేదు. ఇంట్లో ఉన్నవాళ్లకు ఈ సంగతులు తెలిసే దారే లేదు.

"రిసీవరు తిప్పి ఒక్క అరగంట హైదరాబాదుది వదలవా?" అని బతిమాలాను.

"ఆర్డరు లేకుండా తిప్పితే పింఛను పోతాది. పెద్దాయన ఫోన్ ఎత్తడు, ఆదివారం" అన్నాడు. ఆయన గొంతులో కూడా బాధ ఉంది. నేను ఆయన్ను తప్పు పట్టను.

అప్పుడు గుర్తొచ్చింది డిష్ ఉన్న ఇల్లు. కువైట్ నుంచి వచ్చినాయన్ను చెయ్యి పట్టి లేపి, చెవిలో చెప్పాను. ఇద్దరం పక్కింటికి పరిగెత్తాం. ఆయన తాళం తీశాడు. టీవీ వేశాం. డిష్ పెట్టె ఎర్ర దీపం, పచ్చ దీపం వెలిగిస్తూ, వేచి ఉండమని తెర మీద అక్షరాలు తిప్పుతూ కూర్చుంది. అది తేరుకున్నాక చానలు నంబరు మాకు తెలియదు. ఆయన రిమోట్ నొక్కుతూ పోతున్నాడు, సీరియళ్లు, భక్తి, వంటలు, క్రికెట్టు. "యా అల్లా, బిన్నా రా, టైమైపోతాంది" అంటున్నాడు ఆ పెట్టెతో.

దొరికింది. తెర మీద పాటగాడే. తలపాగా, కోర మీసం, నిండైన చెంపలు, మెడలో డోలు. రెండు చేతులూ జోడించి కెమెరాకు దండం పెడుతున్నాడు. నోరు మూసుకునే ఉంది. ఎవరో అమ్మాయి గొంతు, ఇంతసేపూ కార్యక్రమాన్ని తిలకించినందుకు ధన్యవాదాలు చెప్పింది. తరువాత సబ్బు ప్రకటన వచ్చింది.

పక్కాయన రిమోట్ కింద పెట్టి, "వదినకు ఏం చెప్పాల సారూ?" అన్నాడు. డిష్ తెచ్చి బిగిస్తానని ఈయన అన్నప్పుడు వద్దన్న మనిషిని నేనే. ఆ మాట ఆయన ఎత్తలేదు. ఎత్తి ఉంటే కొంచెం నయంగా ఉండేదేమో.

తిరిగి వచ్చేసరికి టీవీ కట్టేసి ఉంది. మేం ఎక్కడికి పరిగెత్తామో అప్పటికే అందరికీ తెలిసిపోయింది. ఆమె గడపలో నిలబడి ఉంది.

"ఆడ వచ్చెనా? పాడినాడా?" అంది.

"పాడినాడు వదినా. శానా బాగా పాడినాడు. మిమ్మల్ని పిలిచేలోపల అయిపాయె" అన్నాడు పక్కాయన.

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు ఇన్న్యావా సారూ?"

"విన్నానమ్మా" అన్నాను.

మంచం మీద నుంచి ఆయన మా ఇద్దర్నీ చూశాడు. తన కథ ఎంతసేపు సాగుతుందో ఆయన కంటే ఎవరికి తెలుసు? మేం పోయి వచ్చింది ఎంతసేపో కూడా ఆయన చూశాడు. ఆ చూపుకు నేను తల దించుకున్నాను. కొంచెంసేపటికి ఆయన భార్య వైపు తిరిగి, అవును, పాడాను అన్నట్టు తల ఊపాడు. తరువాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆమె డోలుకు హారతి ఇచ్చి, వచ్చిన వాళ్లందరికీ అన్నం పెట్టింది. నాకు దగ్గర కూర్చుని వడ్డించింది. తినకపోతే ఆమె బాధపడుతుందని సంగటి ముద్ద నీళ్లతో మింగాను.

మరుసటి వారం నుంచి ఆ టేపు కోసం తిరిగాను. హైదరాబాదు వాళ్లు, కళాకారుడు ఆంధ్ర మనిషి కాబట్టి పంపకాల్లో ఆ టేపు విజయవాడకు పోయి ఉంటుందన్నారు. విజయవాడ వాళ్లు, రికార్డు చేసింది హైదరాబాదులో, మొన్న వేసింది కూడా వాళ్లే, మా దగ్గరికెలా వస్తుందన్నారు. సెలవు పెట్టి రెండు ఊళ్లూ పోయాను. రెండు చోట్లా టీ ఇచ్చారు, మంచిగానే మాట్లాడారు, తరువాత వెతికిస్తామన్నారు. నేను ఇంకా వెతికిస్తూ ఉండగానే ఆయన పోయాడు. డోలును ఆయనతో పాటే పూడ్చారని తెలిసింది. నేను పోలేదు. ఏ మొహం పెట్టుకుని పోను?

తరువాత కొన్నేళ్లకు మా రిలే కేంద్రాన్నే మూసేశారు. టవరు దించే రోజు మేం కొంతమందిమి నిలబడి చూశాం. డిజిటల్ కోసం సున్నం కొట్టించిన గది తాళం పోయి, పగలగొట్టి తీశారు. మా సీనియరు అప్పటికే లేడు. నేను రిటైరయ్యాను. ఇంతవరకూ అయితే ఈ కథ మీకు చెప్పేవాణ్ని కాదు. ఏ ఉద్యోగంలోనైనా ఇలాంటివి ఒకటో రెండో ఉంటాయి, వాటిని కడుపులో పెట్టుకునే పింఛను తీసుకుంటారు అందరూ.

ఈ మధ్య ఒక పెండ్లికి జమ్మలమడుగు పోయి, తిరుగు ప్రయాణంలో బస్టాండులో కూర్చుని ఉన్నాను. ఒక ముసలామె దగ్గరికొచ్చి నా మొహంలోకి వంగి చూసింది.

"నువ్వు యాంటెనా సారువి కదా?"

ఆమే. చూపు బాగా తగ్గిపోయింది. పక్కన కూర్చుంది. గొర్రెలు అమ్మేశామనీ, కువైట్ ఆయన మళ్లీ కువైట్ పోయాడనీ చెప్పింది. నేను తిరిగిన తిరుగుడు గురించి చెప్పబోతే చేత్తో ఆపింది.

"అదంతా ఇడ్సు సారూ. నిన్నొకటి అడగాలని శాన్నాళ్ల నుంచి అనుకుంటాండా. ఆయప్ప కథంతా నాకు నోటికొస్తాది. పదాలన్నీ వస్తాండాయి. గొంతే రాల్యా. కండ్లు మూసుకుంటే మనిషి అగుపడతాడు, నోరు ఆడతాది, గొంతు ఇనపడదు. మరుపొస్తాంది సారూ. కడాకు ఇనింది నువ్వూ, ఆ తమ్ముడే. ఆ తమ్ముడు ఈడ లేడు. నువ్వన్నా చెప్పు. ఎట్లుండె ఆయప్ప గొంతు?"

ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. ఒక్క పలుకు కూడా వినలేదు. నాకు తెలిసింది మెడ కింద గొట్టం, డోలు మీద దెబ్బలు. ఆ మాట అప్పుడే చెప్పేయాల్సింది. ఆమె చెవిని నా నోటి దగ్గరికి వంచి కూర్చుని ఉంది. నాకు ధైర్యం చాలలేదు. తెర మీద చూసిన ఆ కోర మీసం గుర్తొచ్చింది.

"పెద్ద గొంతమ్మా. గంభీరంగా ఉండింది" అన్నాను.

ఆమె వెనక్కి జరిగింది. "పెద్ద గొంతా?" అంది. నుదురు ముడిచింది. "సన్నగా ఉండల్యా? మా యత్త ఎగతాళి చేస్తాండె, ఆడపిల్ల గొంతని. అట్ల అనుకుంటి."

నేను నోరు తెరిచేలోపే ఆమె నా చెయ్యి తట్టింది.

"ముసిల్దాన్ని, నాది పాడు మతి. నువ్వు చెవులారా ఇనినోడివి" అంది. బస్సు వచ్చి నిలబడింది. ఆమె సంచీ చంకకు తగిలించుకుని లేచింది. "పెద్ద గొంతు. సరే సారూ. ఇంగ అట్నే గుర్తు పెట్టుకుంటా."